స్పానిష్ భాషలో ‘కలదు’, ‘చాల’

మన సుల్తాన్‌పూరున 2017లో వైద్యోపకరణముల పార్కునకు శంకుస్థాపన జరిగినది. అందలి సరకు స్పెయిను, మెక్సికో మొదలగు దేశములకు బోవలెనన్నచో, ‘కలదా? ఎంత కలదు?’ అను ప్రశ్నకు మన పిల్లలు ఆ భాషలో తప్పులేక బదులీయవలెను.

మనము పెట్టె కలదు, పెట్టెలు కలవు, వైద్యుడు కలడు, వైద్యులు కలరు అందుము. స్పానిషున నిన్నిటికిని ‘అయ్’ అను నొక్కటే మాట. ‘అయ్ ఊనా కాహా’ అనగా ఒక పెట్టె కలదు. ‘అయ్ దియేస్ కాహాస్’ అనగా పది పెట్టెలు కలవు. తెలుగు అలవాటున నేను మొదట క్రియనుగూడ మార్చి తప్పితిని.

మార్పంతయు పరిమాణము దెల్పు మాటకే. మన ‘చాల’ కదలదు. వారి ‘మూచో’ స్త్రీలింగమున ‘మూచా’, బహువచనమున ‘మూచోస్’, ‘మూచాస్’ అగును. పెట్టె స్త్రీలింగము గనుక చాల పెట్టెలు ‘మూచాస్ కాహాస్’. పెట్టెకు లింగమేమని నవ్వెదరు కాబోలు! నీరును స్త్రీలింగమే: ‘అయ్ మూచా ఆగ్వా’.

లేదనుట సులభము. ముందు ‘నో’ చేర్చిన చాలును: ‘నో అయ్ ఆగ్వా’, నీరు లేదు.