హిందీ స్క్రీన్‌ప్లేలో అక్షరములు ఏల చెదరును?

హిందీ చలనచిత్రమునకు వ్రాసిన స్క్రీన్‌ప్లేను ఒక సాఫ్ట్‌వేరు నుండి మఱియొక దానిలోనికి మార్చినంతనే, సంభాషణలు ఉండవలసిన చోట అర్థరహితములైన ఇంగ్లీషు అక్షరములో, ఖాళీ గళ్లో కనబడుట కలదు. ఇది యేల జరుగును?

బాలలారా, కంప్యూటరు అక్షరముల రూపములను గాక, వాని సంఖ్యలను మాత్రమే దాచుకొనును. కృతిదేవ్ వంటి పాత ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే దేవనాగరి వేషమును తొడిగినవి. అందు 'హిందీ' యను మాట లోలోపల ఎఫ్, జి, యు, ఎన్, హెచ్ అను ఐదక్షరములై యుండును గావున, ఫాంటు మారినంతనే వేషము తొలగి అవియే బయటపడును. యూనికోడ్ పద్ధతి యందన్ననో ప్రతి లిపికిని వేర్వేరు సంఖ్యలు కలవు: హిందీ 'క'కారమునకు 2325, మన 'క'కారమునకు 3093.

సంఖ్య సరియైనదే యైనను, స్క్రీన్‌ప్లేలకు వాడుక యైన కొరియర్ ఫాంటులో సాధారణముగా దేవనాగరి రూపములు లేకుండుటచే గళ్లు కనబడవచ్చును. అప్పుడు మంగల్, నోటో వంటి యూనికోడ్ దేవనాగరి ఫాంటును ఎన్నుకొనిన చాలును.

పాత ఫాంటు ప్రతిని మాత్రము కన్వర్టరుతో యూనికోడ్‌లోనికి మార్పవలెను. హిందీలో హ్రస్వ ఇకారపు గుర్తు హల్లునకు ముందు కనబడును. కృతిదేవ్ దానిని ముందే దాచగా, యూనికోడ్ హల్లు తరువాత దాచును. కావున కన్వర్టరు వరుసను గూడ సవరింపవలసి యుండును. ఇంగ్లీషులోనున్న దృశ్యశీర్షికలను కన్వర్టరునకు అప్పగింపరాదు, అవియు చెడును.

మార్చుటకు ముందు మూలప్రతి నొకదానిని భద్రపఱచుకొనుడు.