శరీరావయవములు - వాని పేరులు



మన్యమునుండి పార్వతీపురమునకు వచ్చిన రోగి వైద్యునితో “కడుపునొప్పి” యని మాత్రమే చెప్పినచో ఆయనకు తెలియునది స్వల్పము. తెలుగున కడుపనగా ఉదరము. అన్నము చేరు జీర్ణాశయము. స్త్రీల విషయమున గర్భము సైతము. చికిత్స స్థానమునుబట్టి యుండును గనుక, అవయవముల పేరులు నేర్చుట పాండిత్యప్రదర్శనమునకు గాదు, ప్రాణరక్షణమునకు.

వెలుపలి యంగములకు మన తేటతెనుగే చాలును: కణత, దవడ, మణికట్టు, డొక్క, పొత్తికడుపు, తుంటి, పిక్క, చీలమండ. వీనికి సంస్కృతము వెదకనక్కఱలేదు. కుడియెడమలు మాత్రము ఎల్లప్పుడును రోగివే గాని ఎదుట నిలిచినవానివి కావు. కుడి ప్రక్కటెముకల మాటున కాలేయము, ఎడమ ప్రక్కటెముకల మాటున ప్లీహము, వెన్నువైపున ఇరుప్రక్కల మూత్రపిండములు ఉండును. జనులు “ఇరువదినాలుగు గంటల కడుపునొప్పి” యను వ్యాధియందు నొప్పి తఱచు బొడ్డుచెంత పుట్టి కుడి పొత్తికడుపునకు దిగును. ఆ మార్పును స్పష్టముగా చెప్పగలిగిన రోగి వైద్యునికి సగము పని తీర్చినవాడు.

ఇక “నరము.” చేతిపై నీలముగా తేలినదానిని మనము నరమందుము, అది సిర. నిజమైన నరము మెదడునుండి, వెన్నుపామునుండి వచ్చి స్పర్శజ్ఞానమును, చలనాజ్ఞలను మోయు తంతువు. మణికట్టున చూచు నాడి ధమని యొక్క స్పందనము. మంచి రక్తము ధమనియందును చెడు రక్తము సిరయందును ప్రవహించునని పిల్లలు వల్లించుచుందురు. అది సరియైన లక్షణము గాదు. గుండెనుండి వెడలునది ధమని. గుండెకు చేరునది సిర. ఊపిరితిత్తులకు పోవు ధమనియందు ప్రాణవాయువు తక్కువైన రక్తమే యుండును.

లక్షణము మాఱినచో లెక్కయు మాఱును. ఎముకలు చరకమున 360, సుశ్రుతమున 300, నేటి శాస్త్రమున పెద్దవారికి 206. సుశ్రుతుడు దంతములను, మృదులాస్థులనుగూడ ఎముకలలో చేర్చెను, నేటివారు చేర్చరు. 1895లో బాసెల్ నగరమున ఐరోపా పండితులు శరీరభాగముల పేరులను క్రమపఱచినదియు, ఒకే భాగమునకు పెక్కు పేరులు వాడుకనుండి చిక్కు కలుగుటచేతనే.

మన కొండలలో తెలుగొక్కటియే భాష గాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, 1938లో దాని నిఘంటువును వెలయించిరి. ఆ మార్గము వైద్యసేవకులకును అనుసరణీయము. రోగి తన భాషలో నొప్పి చోటు చెప్పిన, వినువారికి ఆ పేరు తెలియవలెను. తెలియనిచో చేయి పెట్టి చూపుమని యడుగవలెను.

తల్లిదండ్రులు దినమునకు ఐదు పేరులు చొప్పున, బిడ్డ తన యొడలిని తాకి చెప్పునట్లు నేర్పుదురుగాక. ఒక మాసమున నూటయేబది పేరులగును. గృహస్థునకు అవి చాలును.