కీమో పనిచేస్తుందో లేదో రక్త పరీక్ష ముందే చెప్పగలదా?

రొమ్ములో క్యాన్సర్ గడ్డ ఉందని తెలియగానే "వెంటనే ఆపరేషన్ చేసి తీసేయండి" అని ఇంట్లోవారు అడగడం సహజం. కాని కొందరికి డాక్టరు గారు ముందు కీమో మందులు ఎక్కించి, ఆ తరువాత ఆపరేషన్ చేద్దామంటారు. అప్పుడు బంధువులు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. ఆలస్యం చేస్తే జబ్బు ముదరదా? ఈ మందు పనిచేస్తుందో లేదో ముందే చెప్పే రక్త పరీక్ష ఏదైనా ఉందా?

ముందు కీమో ఎందుకు?

గడ్డ పెద్దదిగా ఉన్నప్పుడు, చంకలోని గ్రంథులకు పాకినప్పుడు ముందు కీమో ఇస్తే గడ్డ చిన్నదవుతుంది. కొందరికి రొమ్ము మొత్తం తీయవలసిన అవసరం తప్పుతుంది. 1988లో ఉత్తర అమెరికాలో మొదలైన ఒక పరిశోధనలో 1,500 మందికి పైగా స్త్రీలలో కొందరికి ఆపరేషన్‌కు ముందు, కొందరికి తరువాత అవే కీమో మందులు ఇచ్చారు. రెండు గుంపులవారి ఆయుష్షులో తేడా కనిపించలేదు. కాబట్టి డాక్టరు సలహాపై ముందు కీమో తీసుకోవడం కాలయాపన కాదు. అదీ వైద్యమే.

మరో మేలు కూడా ఉంది. ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని పరీక్షించినప్పుడు రొమ్ములో, గ్రంథులలో క్యాన్సర్ మిగలకపోతే దానిని పూర్తి స్పందన అంటారు. అలాంటివారికి జబ్బు తిరగబెట్టే అవకాశం తక్కువ. కొంత మిగిలితే, తరువాత ఏ మందు అదనంగా ఇవ్వాలో డాక్టరుకు తెలుస్తుంది.

ముందే అంచనా వేసేది ఎలా?

ఈనాటికీ ముఖ్యమైనది రక్త పరీక్ష కాదు, గడ్డ నుండి సూదితో తీసే ముక్క పరీక్ష. అందులో ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే గుర్తులు చూస్తారు. హెర్-2 ఉన్న గడ్డలు తగిన మందులు ఇస్తే, ఈ మూడు గుర్తులూ లేని గడ్డలు కీమోకు, తరచుగా బాగా కరుగుతాయి. హార్మోన్ గుర్తులున్న గడ్డలు పూర్తిగా కరగడం తక్కువ. అయినా భయపడనక్కరలేదు. వారికి తరువాత ఏళ్ల తరబడి వాడే హార్మోన్ మాత్రలు రక్షణ ఇస్తాయి.

రక్తంలో ఏమి వెతుకుతున్నారు?

సి.ఏ. 15-3: తొలి దశలో చాలామందికి ఇది మామూలుగానే ఉంటుంది. ఇది మామూలుగా ఉంటే క్యాన్సర్ లేదని కాదు. కీమో ఫలితాన్ని ముందే చెప్పడానికి ఇది చాలదు.

తెల్ల కణాల నిష్పత్తి: మామూలు రక్త పరీక్షలోని న్యూట్రోఫిల్, లింఫోసైట్ కణాల నిష్పత్తి తక్కువగా ఉన్నవారిలో స్పందన మెరుగని కొన్ని పరిశోధనలు చూపాయి. కాని అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చినా అది మారిపోతుంది.

గడ్డ నుండి రక్తంలోకి వచ్చే డి.ఎన్.ఏ.: ఎక్కువ ఆశ కలిగిస్తున్నది ఇదే. అమెరికాలో జరిగిన ఐ-స్పై 2 పరిశోధనలో 84 మంది ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కీమోకు ముందు నూటికి 73 మందిలో ఈ డి.ఎన్.ఏ. కనిపించింది. మూడు వారాలకు 35 మందిలో, కీమో పూర్తయ్యాక 9 మందిలో మాత్రమే మిగిలింది. మూడు వారాలకూ పోనివారిలో నూటికి 83 మందికి ఆపరేషన్‌లో క్యాన్సర్ మిగిలే ఉంది. అయితే డి.ఎన్.ఏ. పోయినవారిలోనూ సగం మందికి పైగా కొంత మిగిలింది. అందుచేత ఈ ఒక్క పరీక్షను బట్టి మందు మార్చడం, ఆపరేషన్ మానడం తగదు.

మీరు చేయవలసినవి

* డాక్టరు అడగని ఖరీదైన రక్త పరీక్షలకు అప్పు చేయకండి. ఆ డబ్బు కీమోకు, ప్రయాణానికి, మంచి ఆహారానికి ఉంచండి.
* ముక్క పరీక్ష రిపోర్టును భద్రపరచి, ప్రతిసారీ తీసుకురండి.
* రెండు మూడు డోసులకే గడ్డ చేతికి తగలకపోతే వైద్యం ఆపకండి. కంటికి కనిపించని కణాలు మిగిలి ఉండవచ్చు. ఆపరేషన్ తప్పనిసరి.
* గడ్డ పెరుగుతున్నట్లు అనిపిస్తే తరువాతి తేదీ దాకా ఆగకుండా చూపించండి.
* కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురండి.

మీకు అర్థం కానిది ఎన్నిసార్లయినా అడగండి. ఓపికగా చెప్పడం మా సేవలో భాగం. దేవుడు మీ ఇంటివారికి స్వస్థతను, మీకు ధైర్యాన్ని దయచేయాలని మా ప్రార్థన.