తెల్లగా ఉన్నదంతా పిండినల్లి కాదు

మందారం కొమ్మకి దూది అంటించినట్టు కనిపించేది పిండినల్లి. రసం పీల్చి, తియ్యటి జిగురు వదుల్తుంది. చెట్టుకింద పెట్టిన బండి సీటు అంటుకుంటోందా? ఇలాంటి పురుగుల పనే.

మందు కొట్టేద్దాం అంటాం. రోడ్డు పక్క చెట్టుకి కొడితే అది కింద నడిచే మన మీదా పడుతుంది. పైగా పిండినల్లి ఒంటిమీది మైనం మందుని సరిగా దిగనివ్వదు. చచ్చేది దాన్ని తినే అక్షింతల పురుగు.

ఆ పురుగు పేరు క్రిప్టోలీమస్. చుక్కలుండవు, నల్లటి ఒళ్ళు, నారింజరంగు తల. 1898లో కాఫీ తోటల్లోని పచ్చ పొలుసు పురుగు కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చారు. సివిల్‌లో చేరి సాఫ్ట్‌వేర్‌లో తేలినట్టు, ఇది పిండినల్లి దగ్గర స్థిరపడింది. ల్యాబుల్లో దీన్ని పెంచాలంటే ముందు గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచాలి!

చిక్కేమిటంటే, దీని పిల్లపురుగు కూడా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తెగులనుకుని నలిపేస్తాం. కాస్త ఆగి చూడండి: పెద్దగా ఉండి, చురుగ్గా తిరుగుతుంటే అది మనదే.

ఇంకో అడ్డంకి చీమలు. జిగురు కోసం పిండినల్లికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. అందుకే వీటిని వదిలేముందు కాండం చుట్టూ జిగురు పట్టీ వేసి చీమల దారి మూసెయ్యాలి.