కుండీలోని వృక్షము - కోతగాయము

చెట్టు గాయము మానినదని వాడుకగా అందుము. నిజమునకు అది మానదు. మన వేలు తెగినచో క్రొత్త కణములు పుట్టి చర్మము అతుకుకొనును. చెట్టులో తెగిన కొయ్య ఎన్నటికిని తెగిన కొయ్యయే. చెట్టు దానిచుట్టు లోలోపల అడ్డుగోడలు కట్టుకొని, పైని క్రొత్త బెరడును ప్రాకించి కప్పివేయును. అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో పెక్కు మ్రాకులను నిలువునకోసి చూచి, 1977లో ఈ విషయమును సిద్ధాంతముగా వివరించెను.

అడవిమ్రానుపై అరచేతి వెడల్పు మచ్చ ఉన్నను ఎవరికిని పట్టదు. జానెడు బోన్సాయ్‌కు బొటనవ్రేలంత గాయమే కొండంత. పైగా కుండీలో వేళ్లకు చోటు తక్కువ. ఎదుగుదల తగ్గిన చెట్టు గాయమును కప్పుటయు మందగించును.

మా డాబామీద ఒక జువ్వి కలదు. గోడపగులులో మొలచినదానిని మా తండ్రిగారు పెరికి పళ్లెములో నాటిరి. ఆయన పోయిన పిమ్మట దాని లావుపాటి కొమ్మనొకదానిని మేము రంపముతో కోసి, పేడయు మట్టియు దట్టముగా మెత్తి, గోనెపీలికతో బిగించితిమి. రెండు వానకాలములు గడచినవి. విప్పి చూతుము గదా, లోపలి కొయ్య మెత్తబడి వ్రేలు దిగుచున్నది! పెద్దల చేతిమొక్కను పాడుచేసితిమేయని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తప్పు ఎక్కడ జరిగినది? బెరడునకును కొయ్యకును నడుమ కాంబియం అనెడి పలుచని పొర కలదు. గాయమును కప్పునది అదియే. రంపపుపండ్లకు నలిగిన అంచునుండి అది చక్కగా కదలదు. కనుక రంపముతో కోసిన పిదప పదునైన చాకుతో అంచును నున్నగా చెక్కవలెను. ఆహారరసము కాండమున పైకిని క్రిందికిని నడచును గాన, క్రొత్త కణజాలము ప్రక్కలనుండి వడిగాను, పైక్రింది అంచులనుండి మెల్లగాను వచ్చును. అందుచేత గుండ్రని గాయముకంటె కంటి ఆకారమున నిలువుగా సాగిన గాయము త్వరగా మూయబడును. నడిమి కొయ్యను కొంచెము గుంటగా తీసినచో పైకి ప్రాకిన బెరడు బుడిపెకట్టక కాండముతో సమముగా నిలుచును. జపానువారి పుటాకార కత్తెర పుట్టినది ఇందులకే. గుంట మరీ లోతైనచో మాత్రము నీరు నిలుచును.

ఇక లేపనము. పూతలు కుళ్లును ఆపవని షైగో పరిశోధనలలో తేలినది. బోన్సాయ్‌పై లేపనము పూయుట అంచు ఎండిపోకుండుటకే. పుట్టీవంటి లేపనముగాని, లేనిచో వాజలైనుగాని అంచుమీద పలుచగా రాచిన చాలును. మేము చేసినట్లు మూటగట్టరాదు.

కాలము చెట్టునుబట్టి మారును. జపాను మేపుల్‌ను వసంతారంభమున కోసినచో రసము ధారగా కారును. ఆకులు ముదిరినపిదప కోయుట మేలు. మన రావి, మఱ్ఱి, జువ్వులకు వేడియు తేమయు కలిసిన తొలకరి అనుకూలము. కారు పాలను తడిగుడ్డతో అద్దవలెను. జూనిపర్ విషయమున జపానువారు గాయమును దాచనే దాచరు. బెరడు ఒలిచి, సున్నము గంధకము కాచిన ద్రవము పూసి, తెల్లని ఎండుకొయ్యగా నిలుపుదురు. కొమ్మయైనచో జిన్ అనియు, కాండమైనచో షారి అనియు పేర్లు. మెత్తని జువ్వికొయ్యకు ఆ అందము దక్కదు, కుళ్లిపోవును.

మా చెట్టునకు కుళ్లిన భాగమును గట్టికొయ్య తగులువరకు తీసివేసి, ముడుచుకొని నిలిచిపోయిన అంచును సన్నగా తిరిగి చెక్కితిమి. పళ్లెమునుండి పెద్దకుండీకి మార్చితిమి. గాయమునకు కొంచెము పైని పుట్టిన రెమ్మనొకదానిని కత్తిరింపక విడిచితిమి. దాని ఆకులు వండిన ఆహారము క్రిందికి దిగుచు ఆ అంచును పోషించును. ఆ రెమ్మ ఇప్పుడు చెట్టుకంటె పొడవై, చూచువారికి నవ్వుపుట్టించుచున్నది. గాయము మూడువంతులలో రెండువంతులు మూసికొన్నది. మిగిలినది మూయబడువరకు ఆ రెమ్మను ముట్టము.