విద్యుత్తుతో తెఱచుకొను తలుపులు



హైదరాబాదు నగరమున దిల్‌సుఖ్‌నగరును, ఎల్.బి. నగరును దాటి దక్షిణముగా పోవువారికి రంగారెడ్డి జిల్లాలోని అల్మాస్‌గూడ తగులును. అల్మాసు అను ఉర్దూ మాటకు వజ్రమని యర్థము. ఒకప్పుడు చెలకలుగా నుండిన నేలమీద అచ్చట నిప్పుడు ఇండ్ల వరుసలు లేచినవి. కొడుకులును కోడండ్రును పొద్దున నుద్యోగములకు పోయిన పిమ్మట పగలెల్ల ఇంటనుండువారు తఱచుగా ముసలివారే. ఇట్టి యిండ్ల తలుపుల వద్దకు నేడు క్రొత్త వస్తువులు వచ్చి చేరుచున్నవి. దర్వాజపైన తెల్లని చిన్నబిళ్ల, గోడమూలను కన్నువంటి బుడిపె, తలుపు ప్రక్కన అంకెల పలక, వాని నుండి బయలుదేఱి గోడలో దూరిపోవు సన్నని తీగలు. కొడుకు ఆఫీసులో కూర్చుండి ఫోనుమీద వ్రేలు మోపగా నిచ్చట బేడెము జారును. అది చూచి ఆశ్చర్యపడుట సులభము. అది యెట్లు పనిచేయునో, ఎప్పుడు పనిచేయక మానునో తెలిసికొనుట మాత్రము ఇంటిలో నుండువారికి మిక్కిలి యవసరము. ఏలయన, తలుపు తెఱచుకొనని నాడు లోపల చిక్కువారు వారే.

మొదట కరెంటు సంగతి చెప్పెదను. హుస్సేనుసాగరు గట్టున 1920లో విద్యుత్కేంద్రము నెలకొల్పబడిన నాటినుండి హైదరాబాదువారికి కరెంటనగా దీపములకు, పంకాలకు వచ్చునదే. ఇంటికి వచ్చు నా కరెంటు వోల్టేజి 230. వోల్టేజి యనగా చెఱువులోని నీటిమట్టము వంటిది. కట్ట యెంత యెత్తైన తూమునుండి నీరంత బలముగా దుముకును. తలుపులకు, సెన్సరులకు పంపు కరెంటు వోల్టేజి సామాన్యముగా 12 మాత్రమే. పొడిచేతితో ముట్టినను అది ప్రాణము తీయదు. కాని దానిని నమ్మి నిర్లక్ష్యము చేయరాదు. 12 వోల్టుల బ్యాటరీ కొనలు రెండును ఒకదానికొకటి తగిలినచో తీగ యెఱ్ఱగా కాగి నిప్పంటించును. కావున బ్యాటరీకి దగ్గఱగా ఫ్యూజు తప్పక యుండవలెను.

ఇచ్చట మాటల చిక్కొకటి గలదు. 1956 నాటి భారత విద్యుత్తు నియమములలో 250 వోల్టుల వఱకును "తక్కువ వోల్టేజి" అనియే పేరుండెను. అనగా నాటి చట్టపు భాషలో మన యింటి దీపపు కరెంటు కూడ తక్కువదిగనే యుండెను. కాబట్టి పనివాడు "ఇది తక్కువ వోల్టేజియే, భయము లేదు" అన్నప్పుడు "ఎన్ని వోల్టులు నాయనా?" అని అడుగుట తప్పు కాదు.

ఇక సెన్సరు. అది యింటి కావలికారు. చూచిన దానిని చెప్పుటయే దాని పని, తీర్పు చెప్పుట కాదు. వీనిలో మిక్కిలి సాదాయైనది తలుపునకు పెట్టు అయస్కాంతపు బిళ్ల. సన్నని గాజుగొట్టములో రెండు ఇనుపరేకు ముక్కలు ఎదురెదురుగా నుండును. అయస్కాంతము దగ్గఱకు వచ్చిన రెండును అంటుకొనును, దూరమైన విడిపోవును. దీనిని 1936లో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో వాల్టరు ఎల్‌వుడ్ అనువాడు టెలిఫోను పనులకై కనిపెట్టెను. గాజుగొట్టమును దర్వాజకును, అయస్కాంతమును తలుపునకును బిగింతురు. తలుపు మూసియున్నంతకాలము రేకులు కలిసియుండి తీగలో సన్నని కరెంటు పాఱుచుండును. తలుపు తెఱచిన నది తెగిపోవును.

తలుపు తెఱచినప్పుడు కరెంటు పాఱునట్లు కాక, మూసియున్నప్పుడు పాఱునట్లు ఏల యేర్పఱచిరో ఆలోచింపుడు. రాత్రివేళ కావలివాడు వీధిలో జాముకొకసారి కేకవేయుచు తిరుగును. ఆ కేక వినబడినంతసేపు ఊరు నిద్రించును. కేక వినరానినాడు లేచి కూర్చుండును. ఇదియు నంతే. దొంగ తీగను కోసినను, ఎలుక కొఱికినను, తలుపు తెఱచినట్లే లెక్కయై గంట మ్రోగును. అయితే తెలివిగల దొంగ తీగను కోయడు. రెండు తీగల పైపొరను గీకి ఒకదానితో నొకటి ముడివేయును. అప్పుడు తలుపు బార్లా తెఱచినను కరెంటు పాఱుచునే యుండును. దీనికి విరుగుడుగా తీగ చివర, సెన్సరు వద్దనే, కొన్ని వేల ఓములు గల రెసిస్టరు నొకదానిని చేర్తురు. అది కరెంటును కొంత అడ్డును. అంతట కంట్రోలరు పెట్టెకు కరెంటు కలదా లేదా యను మాట యొక్కటే గాక, ఎంత కలదను మాటయు తెలియును. తెగిన సున్న, ముడివేసిన మిక్కిలి, సరిగా నున్న ఇంత. కావలివాని గొంతు గుఱుతుపట్టుట వంటిది. కొందఱు పనివారు ఈ రెసిస్టరును పెట్టె వద్దనే బిగించి ముగించెదరు. చివరనుండవలసినది మొదటనున్న దానివలన ప్రయోజనము లేదు.

ఇనుప గేట్లకు ఈ బిళ్లలు మామూలువి పనికిరావు. ఇనుము అయస్కాంతపు బలమును తన వైపునకు లాగుకొనును. అట్టిచోట బలమైన అయస్కాంతము గలవానిని, ఇనుమునకు కొంత యెడము విడిచి బిగింపవలెను. కొయ్య తలుపులు వానకాలమున ఉబ్బును గనుక వానికిని కొంత వెసులుబాటు విడువవలెను.

గోడమూల నుండు కన్నువంటిది వేఱు. మన శరీరములనుండి వెలువడు వేడి కంటికి కనబడని వెలుగుగా ప్రసరించును. ఆ వేడి కదలినప్పుడు అది కనిపెట్టును. కదలనిదానిని కనిపెట్టదు. పడకకుర్చీలో కదలక భాగవతము చదువుకొను పెద్దలను అది లేనివారిగా నెంచి దీప మార్పివేయుట కలదు. దాని మొగముమీద బల్లి ప్రాకినచో నెవరో మనిషి వచ్చెనని కేకవేయుటయు కలదు. దర్వాజ బిళ్లకు రెండు తీగలు చాలును. దీనికి బ్రదుకుటకు కరెంటు కావలెను గనుక నాలుగు తీగలు కావలెను.

సెన్సరులు చెప్పిన సమాచారము కంట్రోలరు పెట్టెకు చేరును. ఆ పెట్టెలోని చిన్న యంత్రము 12 వోల్టులను సైతము ఓర్వలేదు. దాని వోల్టేజి తఱచుగా 3.3 మాత్రమే. 12 వోల్టులు తిన్నగా దానికి తగిలిన కాలిపోవును. కావున నడుమ ఆప్టోకప్లరను చిన్న గింజ నుంతురు. దానిలో ఒకవైపు దీపము, మఱియొకవైపు వెలుగును గుర్తించు కన్ను. ఈవలి కరెంటు దీపమును వెలిగించును, ఆవలి కన్ను దానిని చూచును. వార్త దాటును గాని కరెంటు దాటదు.

అటుపిమ్మట పెట్టె తాళమునకు ఆజ్ఞ యిచ్చుటకు రిలే అను సాధనము కావలెను. తూము తలుపును ఒక చేతితో త్రిప్పగా చెఱువు నీరెల్ల కదలినట్లు, పెట్టెలోని కొద్దిపాటి కరెంటు రిలేను త్రిప్పగా తాళమునకు కావలసిన పెద్ద కరెంటు కదలును. ఇచ్చట డయోడను చిన్న కవాటమును మఱువరాదు. తాళములోని తీగచుట్టకు కరెంటు నాపిన క్షణమున అది ఎదురుతన్ను తన్నును. ఆ దెబ్బకు రిలే మొనలు కాలును, పెట్టె వెఱ్ఱెత్తును. తాళమునకు అడ్డముగా, గీతగల కొన ధనధ్రువము వైపునకు వచ్చునట్లు, 1ఎన్4007 డయోడు నొకదానిని చేర్చిన నా దెబ్బ అచ్చటనే చల్లాఱును. కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇట్టి సరకెల్ల దొరకును. ఇంత అల్పమైన వస్తువును విడిచినందున వేల రూపాయల పెట్టె చెడిపోవుట విచారకరము.

తీగల విషయమున రెండు మాటలు. కాలువ పొడవై సన్ననైన కొలది చివరిమడికి చేరు నీరు తగ్గునట్లు తీగలోను జరుగును. అర చదరపు మిల్లీమీటరు రాగితీగను పెట్టెనుండి 30 మీటర్ల దూరమున నున్న గేటుకు వేసితిమనుకొందము. పోవుటకు 30, వచ్చుటకు 30. అర ఆంపియరు పాఱినచో దారిలోనే ఒక వోల్టునకు పైగా తఱిగి 12కు బదులు సుమారు 10.9 చేరును. తాళపు పట్టు సడలును. ఒక చదరపు మిల్లీమీటరు తీగ వేసిన నష్టము సగమగును. రెండవది, ఈ తీగలను 230 వోల్టుల తీగలున్న గొట్టములో దూర్పరాదు. పైపొర యెచ్చటనైన చిట్లినచో ప్రాణాంతకమైన కరెంటు అంకెల పలక మీదికి, అనగా మన వ్రేలి కొనకు, వచ్చును. గొట్టము ఖర్చు మిగుల్చుకొన చూచువారికి ఈ సంగతి గట్టిగా చెప్పవలెను.

ఇప్పుడు తాళములు. వీనిలో రెండు జాతులు గలవు. వాని గుణము లొకదానికొకటి వ్యతిరేకములు. మొదటిది అయస్కాంతపు తాళము. దర్వాజపై నొక దిమ్మె, తలుపుపై నొక ఇనుపపలక. కరెంటు పాఱినంతసేపు దిమ్మె పలకను పట్టుకొనును. 12 వోల్టులతో సుమారు అర ఆంపియరు తీసికొని సుమారు 280 కిలోల లాగుడునకు నిలుచు తాళములు సామాన్యముగా దొరకును. కరెంటు పోయిన మఱుక్షణమున పట్టు పోవును; తలుపు తెఱచుకొనును. రెండవది గేట్లకు పెట్టు రిమ్ తాళము. దీని గడియను స్ప్రింగు పట్టియుండును. కరెంటు ఒక్క సెకను పాఱిన గడియ విడువబడును. కరెంటు లేనప్పుడు మూసినది మూసినట్లే యుండును. దీనికి కరెంటును ఎక్కువసేపు పంపిన చుట్ట కాలిపోవును.

కరెంటు పోయిన వేళ మొదటిది దొంగకు దారి యిచ్చును. రెండవది ఇంటివారికి దారి మూయగలదు. ఏది మేలు? నా మట్టుకు నేను మనుష్యప్రాణమునకే మొదటి లెక్క వేయుదును. 2025 మే 18న చార్మినారు దగ్గఱి గుల్జార్‌హౌజులో ఒక కట్టడమునకు నిప్పంటుకొని 17 మంది మరణించిరి. వారిలో పసిబిడ్డలును ఉండిరి. అచ్చటి దోషము విద్యుత్తు తాళముది కాదు. ప్రవేశమునకును నిర్గమనమునకును ఒక్క యిఱుకు దారియే యుండెను. ఉన్న ఒక్కదారికి మనమే కరెంటు నడుగు తాళము వేసితిమేని ఆ దారియు నమ్మరానిదగును. నిప్పు పుట్టినప్పుడు మొదట పోవునది కరెంటే.

కావున రిమ్ తాళము తీసికొనువారు, లోపలివైపు కరెంటుతో పనిలేక చేతితో త్రిప్పిన తెఱచుకొను పిడిగల దానిని, వెలుపల మామూలు తాళపుచెవి పట్టు దానిని మాత్రమే తీసికొనవలెను. అయస్కాంతపు తాళము పెట్టించువారు లోపలి మీట తీగ యెటు పోవుచున్నదో చూడవలెను. కొన్ని యిండ్లలో ఆ మీట కంట్రోలరు పెట్టెను "తెఱువుము" అని బ్రతిమాలును. పెట్టె మొరాయించిన మొర వినువా డుండడు. మీట నొక్కిన తోడనే తాళమునకు పోవు కరెంటు తీగయే తెగునట్లుండవలెను. పెట్టె అనుమతితో దానికి సంబంధముండరాదు.

కరెంటు పోయినను నడచుటకు 12 వోల్టుల 7 ఆంపియరు-గంటల బ్యాటరీని పెట్టుదురు. అర ఆంపియరు తాళమునకు లెక్క ప్రకారము 14 గంటలు రావలెను. నిజమునకు అన్ని రావు, పాతబడిన బ్యాటరీకి అందులో సగము వచ్చిన గొప్ప. రిమ్ తాళమైనచో తెఱచినప్పుడు తప్ప కరెంటు తీసికొనదు గనుక అదే బ్యాటరీ యెన్నో దినములు వచ్చును. మఱియొక చిక్కు: కరెంటు వచ్చిన క్షణమున కొన్ని పెట్టెలు నిద్రలేచుచు రిలేను ఒకసారి కొట్టును. ఇంట నెవరును లేనప్పుడు గేటు తనంతట తాను తెఱచుకొనును.

ఇంటర్నెట్టు మాట. కొన్ని పరికరములు తలుపు తెఱచుటకు దూరదేశములోని కంప్యూటరును అడిగి వచ్చును. అది పలుకనినాడు మీ తలుపును పలుకదు. 2013లో ప్రారంభమైన హోమ్ అసిస్టెంటు వంటి ఏర్పాట్లు ఇంటిలోని చిన్న యంత్రముమీదనే నడచును. బయటి లోకముతో సంబంధము తెగినను తలుపు నడచును. మఱియు, తలుపు తెఱచిన ప్రతి వేళయు ఈ పెట్టెలు లెక్కలో వ్రాయును. నాయన గుడికి ఎప్పుడు పోయెను, అమ్మ పొరుగింట నెంతసేపు కూర్చుండెను అనునదెల్ల కొడుకు ఫోనులో కనబడును. ఇది కొందఱికి ధైర్యము, కొందఱికి కష్టము. బిగించుటకు ముందే ఇంటివారు కూర్చుండి మాటాడుకొనిన మేలు.

పని ముగిసెనని పనివాడు చివరి రూపాయి లడిగిన దినమున, అతడుండగనే ఇంటి మెయిను స్విచ్చి నాపింపుడు. తలుపు బ్యాటరీపై నడచుచున్నదా చూడుడు. పిమ్మట ఇంటర్నెట్టు పెట్టెను ఆపి చూడుడు. పిమ్మట బ్యాటరీ తీగను సైతము విప్పించి, వెలుపలి తాళపుచెవిని పరీక్షించి, ఇంటిలో నందఱికంటె పెద్దయైన స్త్రీని లోపలినుండి, దీపము లేక, ఎవరును చెప్పక, తలుపు తెఱువుమని కోరుడు. ఆమె చేతికి పిడి దొరకనిచో పిడిని మార్పింపుడు. దొరికినచో మెయిను మరల వేయించి, గేటు తనంతట తాను తెఱచుకొనలేదని చూచి, రూపాయలిచ్చి పంపుడు.