సెలవుల్లోనూ మోతబరువేనా?

బడికి తాళం పడింది. పుస్తకాల సంచి మాత్రం భుజం దిగలేదు. పొద్దున సమ్మర్ క్లాసులు, మధ్యాహ్నం ఆన్‌లైన్ పాఠం, రాత్రికి ప్రాజెక్టు వర్కు. తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వెళ్లే పిల్లల్లో చాలామందికి వేసవి ఇలాగే గడిచిపోతుంది. అనంతపురంలో 40 డిగ్రీలు దాటే ఎండ దీనికి తోడు. మీ ఇంట్లోనూ ఇంతేనా?

ప్రేమే బరువైతే...

మన ప్రాంతంలో ఈ ఒత్తిడికి మరో కారణమూ ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ వేసి, మబ్బు కోసం ఎదురుచూసి, నష్టపోయి పట్నం చేరిన కుటుంబాలెన్నో. ‘మా కష్టం నీకొద్దు, బాగా చదువుకో’ అని మీరు ప్రేమతోనే అంటారు. రోజూ వినే పిల్లలకు అది తీర్చాల్సిన బాకీలా తోస్తుంది. కాసేపు ఆడుకున్నా తప్పు చేసినట్టే అనిపిస్తుంది.

ఎంత చదివితే చాలు?

నిద్రలోనే మెదడు చదివినదాన్ని పదిలపరచుకుంటుంది. నిద్ర తగ్గించి చదివిస్తే శ్రమ పెరుగుతుందే తప్ప గుర్తుండేది తగ్గుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రోజుకు గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కేంద్రం 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానం 6 నుంచి 8 తరగతులకు రోజుకు గంట, 9 ఆపైన 2 గంటలకు మించి హోంవర్కు వద్దంది. బడి రోజులకు చెప్పిన ఈ లెక్కనే సెలవులకూ కొలతగా పెట్టుకోండి. కోచింగ్‌కు పంపుతుంటే 2024 నాటి కేంద్ర మార్గదర్శకాలు గుర్తుంచుకోండి: తరగతులు రోజుకు 5 గంటలు మించకూడదు, వారానికో సెలవు ఉండాలి.

రోజును ఇలా మలచండి

* చదువు, రాత పని ఉదయం చల్లపూటే ముగించాలి. గంటకోసారి పది నిమిషాలు లేచి తిరగాలి.
* ఇచ్చిన పనంతా పిల్లలతో కూర్చుని ఒక కాగితం మీద రాసి, వారాలకు పంచండి. కొండలా కనిపించింది గుట్టలా తోస్తుంది.
* 11 నుంచి 4 దాకా ఎండలోకి పంపొద్దు. మజ్జిగ, రాగి అంబలి, చీనీ రసం తరచూ ఇవ్వండి. ఒంట్లో నీరు తగ్గినా తలనొప్పి వస్తుంది, చదువు మీద ధ్యాస నిలవదు.
* సాయంత్రం మైదానానికో, మిద్దె మీదికో వదలండి. రాత్రి పడుకునే ముందు గంటసేపు ఫోన్ పక్కన పెట్టించండి. ఈ నియమం పెద్దలకూ వర్తిస్తుంది.
* వారంలో ఒక రోజు పుస్తకం ముట్టుకోనవసరం లేదు. అవ్వాతాతల ఊరికి పంపితే మరీ మంచిది.

ఈ మార్పులు కనిపిస్తే...

తరచూ తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి మందగించడం, చిన్నదానికే విసుక్కోవడం, నిద్ర పట్టకపోవడం, స్నేహితులకు దూరంగా ఉండటం... ఇవి రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట వస్తే బెదిరింపుగా కొట్టిపారేయొద్దు, ఒంటరిగా వదలొద్దు. వెంటనే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మార్కుల ఊసు ఎత్తకుండా బిడ్డ పక్కన కాసేపు కూర్చోండి. ‘నువ్వు మాకేమీ బాకీ లేవు నాయనా’ అని ఒక్కమాట చెప్పండి. సగం బరువు అక్కడే దిగిపోతుంది.